రిపోర్టులన్నీ నార్మల్, మంట మాత్రం తగ్గదు

"కింద మంటెడతంది" అని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక స్త్రీ ఓపీలో చెప్పినప్పుడు ఆ మాటకు కనీసం నాలుగు అర్థాలు ఉండే వీలుంది. మూత్రం పోసేటప్పుడు మంట కావచ్చు, తెల్లబట్టతో పాటు వచ్చే దురద కావచ్చు, ఎండలో పొలం పని చేసి "వేడి చేయడం" కావచ్చు. లేదా వీటిలో ఏదీ కాకుండా, బాహ్య జననాంగం మీద, యోని ద్వారం దగ్గర నెలల తరబడి నిలిచిపోయిన నొప్పి కావచ్చు. మొదటి మూడింటికీ అలవాటైన మందులున్నాయి, చీటీ రాయడానికి అర నిమిషం చాలు. చిక్కంతా నాలుగో అర్థం దగ్గరే. అది ల్యాబ్ పరీక్షలో కనబడదు, స్కానింగులో అంతకన్నా కనబడదు. అడిగి, చూసి, తాకి మాత్రమే తెలుసుకోవలసిన జబ్బు. జిల్లా కేంద్రాల్లో నేడు స్కాన్ దొరకడం సులువు, డాక్టరు దగ్గర పది నిమిషాలు దొరకడం కష్టం. ఈ నొప్పి ఏళ్ల తరబడి పేరు లేకుండా మిగిలిపోవడానికి మూలం అక్కడే ఉంది.

ఏడాది, రెండేళ్లుగా ఈ మంటతో తిరుగుతున్న రోగి తెచ్చుకునే ప్లాస్టిక్ కవరు విప్పితే కథంతా అందులోనే ఉంటుంది. పొత్తికడుపు స్కాన్ రిపోర్టులు రెండు మూడు, అన్నీ నార్మల్. మూత్ర పరీక్షలు, సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చరు, అవీ నార్మల్. ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ మాత్రల ఖాళీ స్ట్రిప్పులు. సగం నొక్కి మూత పెట్టేసిన ఆయింట్‌మెంట్ ట్యూబులు నాలుగైదు, వాటిలో కొన్ని షాపువాడు చీటీ లేకుండా ఇచ్చినవి. ఇన్ని చేయించినా, ఆ చోటును వెలుతురులో నిదానంగా చూసినట్టు చెప్పే ఒక్క వాక్యం మాత్రం ఏ చీటీలోనూ కనబడదు. నార్మల్ అని వచ్చిన రిపోర్టును "నీకేమీ లేదు" అని చదవడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు. ఆ రిపోర్టు చెప్పేది గర్భసంచిలో, అండాశయాల్లో తేడా లేదని మాత్రమే; నొప్పి ఉన్నది అక్కడ కాదు.

బాహ్య జననాంగంలో నొప్పి 3 నెలలకు పైగా ఉండి, దానికి స్పష్టమైన కారణం ఏదీ దొరకనప్పుడు దానిని వల్వోడీనియా అంటారు. ఈ రంగంలో పనిచేసే మూడు అంతర్జాతీయ వైద్య సంఘాలు 2015లో కలిసి స్థిరపరచిన నిర్వచనమిది. ఇన్ఫెక్షన్, చర్మవ్యాధి, నరం దెబ్బతినడం, హార్మోన్ల లోపం వంటి కారణం తెలిసిన నొప్పులను అదే నిర్వచనం వేరు వర్గంలో ఉంచింది. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చునని కూడా ఒప్పుకుంది. నొప్పి ఒకచోటనే ఉందా, అంతటా పాకిందా. తాకితేనే వస్తోందా, తాకకుండానే ఉంటోందా. మొదటి నుంచీ ఉన్నదా, మధ్యలో మొదలైనదా అన్న వివరాలను బట్టి దాని రకాన్ని చెబుతారు. ఇదేదో కొత్తగా పుట్టిన జబ్బు అనుకోవడానికి లేదు. అమెరికా వైద్యుడు గెయిలార్డ్ థామస్ 1880లోనే, పైకి ఏమీ కనబడకుండా ఆ భాగం విపరీతంగా నొప్పి పెట్టే స్థితిని వర్ణించాడు. ఆ తరువాత దాదాపు వందేళ్లు దానిని పట్టించుకున్నవారు తక్కువ. యోని ద్వారపు నొప్పిని గుర్తించడానికి ఫ్రెడ్రిక్ అనే వైద్యుడు 1987లో కొలబద్దలు ఏర్పరచిన తరువాతే పరిశోధన ఊపందుకుంది.

ఇది ఎంతమందికి ఉంటుందన్న ప్రశ్నకు తరచుగా ఉదహరించే సమాధానం 2003లో బోస్టన్ ప్రాంతం నుంచి ప్రచురితమైన అధ్యయనంలో ఉంది. అక్కడ ప్రశ్నించిన స్త్రీలలో దాదాపు 16 శాతం మంది తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు 3 నెలలకు తగ్గకుండా ఇలాంటి నొప్పి అనుభవించినట్టు చెప్పారు. వారిలో 40 శాతం దాకా వైద్యానికే వెళ్లలేదు. వెళ్లినవారిలో 60 శాతం మంది ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది డాక్టర్లను చూశారు. అంత వైద్య సదుపాయం ఉన్న నగరంలోనే పరిస్థితి అదైతే, ఇచ్ఛాపురం దగ్గరి పల్లెలోనో గజపతినగరం అవతలి ఊళ్లోనో ఉన్న స్త్రీకి ఆ ముగ్గురిలో ఒకరు ఆర్‌ఎంపీ, మరొకరు మందుల షాపతను అయ్యే అవకాశమే ఎక్కువ.

నొప్పి ఎక్కడన్నది తేలాలంటే ముందు ఆ చోటుకు ఒక పేరు కావాలి. లోపెదవుల లోపలి అంచు నుంచి యోని ద్వారం దాకా ఉండే సన్నని, తేమగల భాగాన్ని వైద్యులు వెస్టిబ్యూల్ అంటారు. ఇంటి ముందరి వసారాను చెప్పే లాటిన్ మాట అది. కాబట్టి తెలుగులో ముంగిలి అనుకుంటే సరిగ్గా సరిపోతుంది. చిన్న వయసు స్త్రీలలో ఈ నొప్పి ఎక్కువగా ముంగిలిలోనే ఉంటుంది. పిండదశలో ఈ భాగం, మూత్రాశయం, మూత్రనాళం ఒకే మూలం నుంచి ఏర్పడతాయి. ముంగిలి నొప్పి ఉన్న కొందరికి మూత్రాశయపు నొప్పి కూడా తోడవడానికి, "యూరిన్ మంట" అని చెప్పుకుంటూ వచ్చినవారి కల్చరులో సూక్ష్మజీవి ఏదీ పెరగకపోవడానికి ఈ చుట్టరికం కొంతవరకు కారణం కావచ్చు. మూత్రం లోపలి నుంచి వచ్చేటప్పుడు మండుతోందా, బయటి చర్మానికి తగిలినప్పుడు మండుతోందా అని అడిగితే చాలామంది తడుముకోకుండా జవాబు చెప్పగలరు. కాకపోతే అడిగేవారుండాలి.

అడగవలసినవి ఇంకా ఉన్నాయి, వాటిలో కొన్ని ఈ ప్రాంతానికే చెందినవి. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడి బట్టీల్లో వేలమంది స్త్రీలు రోజంతా కింద కూర్చుని జీడిపిక్కలు కొడతారు. పిక్క తొడుగులోని సొన చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. అందుకే చేతులకు నూనె రాసుకునో బూడిద పూసుకునో పని చేస్తారు. సరిగా కడుక్కోని చేతితో మూత్రానికి వెళ్లినా, ఆ చేతితోనే గుడ్డ మార్చుకున్నా ఆ సొన సున్నితమైన చర్మానికి అంటుకునే ప్రమాదముంది. అలాంటి మంటకు ఎన్ని ఫంగస్ మందులు వాడినా ప్రయోజనం ఉండదు. ఊడ్పుల రోజుల్లో పొద్దుటి నుంచి తడి బట్టలతో ఉండేవారి చర్మం నాని ఒరుసుకుపోవడం మరొకటి. కూర్చుంటే పెరిగి, నిలబడితే తగ్గి, పడుకుంటే మరచిపోయేంతగా తేలికపడే నొప్పి అయితే, అదీ ఒక పక్కనే ఉంటే, ఆ భాగానికి స్పర్శనిచ్చే పుడెండల్ నరం నొక్కుకుపోతోందేమోనని అనుమానించాలి. ఇవన్నీ వృత్తి గురించిన రెండు ప్రశ్నలతో బయటపడే సంగతులు, ఓపీ చీటీలో మాత్రం వృత్తి దగ్గర "హౌస్‌వైఫ్" అని ఉంటుంది.

పరీక్షకు కావలసిన సామగ్రిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకనిది దాదాపు ఏదీ లేదు. మంచి వెలుతురు, తలుపు గడియ పెట్టుకోగల గది, తోడుగా ఒక నర్సు, తడిపిన దూది పుల్ల ఉంటే పని మొదలవుతుంది. ముందు చర్మాన్ని చూస్తారు: తెల్లమచ్చలు, పగుళ్లు, పుండ్లు, పెదవుల ఆకారం మారిపోవడం ఉన్నాయేమోనని. తరువాత దూది పుల్లతో తొడ లోపలి వైపు నుంచి మొదలుపెట్టి, బయటి పెదవులు, లోపెదవులు, ముంగిలి వరుసగా మెల్లగా తాకుతూ ప్రతి చోటా నొప్పిని సున్నా నుంచి పది వరకు లెక్కించమంటారు. ముంగిలిని గడియారపు ముఖంలా ఊహించుకుని 12, 2, 4, 6, 8, 10 గంటల స్థానాల్లో తాకి రాసుకుంటారు. దూది ఆనినంత మాత్రానికే రోగి ఉలిక్కిపడి కాళ్లు దగ్గరికి లాక్కుంటే, అప్పటిదాకా "కారం రాసినట్టుంటాది" అని ఆమె చెప్పిన మాట కొలతగా మారినట్టే. నొప్పి కింది భాగంలో, అంటే 4 నుంచి 8 గంటల మధ్యనే ఉంటే కటి కండరాల (పొత్తికడుపు అవయవాలను కింది నుంచి మోసే కండరాల) బిగువును, ముంగిలి అంతటా ఉంటే హార్మోన్లనో నరాల సున్నితత్వాన్నో ముందుగా అనుమానిస్తారు. ఆపైన, వీలైతేనే, ఒక్క వేలితో కటి కండరాలు బిగుసుకున్నాయేమో చూస్తారు. స్రావం ఎంత ఆమ్లమో పీహెచ్ కాగితం మీద చూడడం, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద ఫంగస్ కోసం వెతకడం మిగిలిన పనులు. సంతానవయసులో పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉండడం మామూలు.

పెళ్లికాని అమ్మాయి విషయంలో ఈ పరీక్ష ఊసే రాదు. "చూడకూడదు" అని తల్లీ, "ఎందుకొచ్చిన గొడవ" అని డాక్టరూ అనుకుని మాత్రలతో పంపేస్తారు. దూది పుల్ల పరీక్షలో లోపలికి ఏదీ పెట్టరు, యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్ పరికరం అవసరం లేదు. అమ్మాయి ఒప్పుకుంటే, ఏ క్షణంలో వద్దంటే ఆ క్షణంలో ఆపుతామని ముందే చెబితే, దీనికి పెళ్లితో సంబంధం లేదు. ఇంకొక తేడా కూడా గమనించాలి. నెలసరిలో లోపల పెట్టుకునే టాంపన్లు వాడే దేశాల్లో చాలామంది అమ్మాయిలకు ఈ నొప్పి సంగతి మొదట వాటి ద్వారానే తెలుస్తుంది. ప్యాడ్లు, గుడ్డలు వాడే మన దగ్గర ఆ ముందస్తు సూచన ఉండదు. మొదటిసారి బయటపడేది పెళ్లయిన కొత్తలో. అప్పుడది వైద్య సమస్యగా కాక కాపురం సమస్యగా పెద్దల ముందుకు వస్తుంది, అమ్మాయికి ఇష్టం లేదన్న నిర్ణయం అరుగు మీదే జరిగిపోతుంది.

వల్వోడీనియా అనే ముందు, ఆ పేరు పెట్టకూడని జబ్బులను ఏరివేయాలి. ఫంగస్ నిజంగా ఉన్నవారు ఉంటారు; వారిలో షుగర్ ఉన్నవారిని, ముఖ్యంగా ఇటీవల విరివిగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు వాడేవారిని తప్పక అడగాలి, ఎందుకంటే ఆ మందు చక్కెరను మూత్రంలోకి పంపుతుంది, ఆ చక్కెర మీద ఫంగస్ పెరుగుతుంది. చర్మం తెల్లగా, కాగితంలా పలచబడి పెదవులు కరిగిపోయినట్టు కనబడితే అది లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు. అనుమానముంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి, ఎందుకంటే వైద్యం లేకుండా వదిలేసినవారిలో కొద్దిమందికి అది క్యాన్సరుగా మారుతుంది. దానికి సరైన మందు 0.05 శాతం క్లోబెటసాల్, అంటే చాలా బలమైన స్టెరాయిడ్ పూత. ఇదే క్లోబెటసాల్‌ను ఫంగస్ మందుతో, యాంటీబయాటిక్‌తో కలిపిన ట్యూబులు ప్రతి ఊళ్లోనూ దురదకు, మంటకు, తామరకు ఒకే మందుగా అమ్ముడుపోతుంటాయి. స్టెరాయిడ్ పూతమందులను కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చి చీటీ లేనిదే అమ్మరాదన్నా షాపు కౌంటరు దగ్గర ఆ నిబంధన పెద్దగా నిలవలేదు. కాబట్టి రోగికి చెప్పవలసింది స్టెరాయిడ్ మంచిదనో చెడ్డదనో కాదు. జబ్బు పేరు తేలాక, ఎంత, ఎన్నాళ్లు అన్న లెక్కతో వాడితే అది మందు, పేరు తేలకుండా రాస్తే మంటను మరికొన్నాళ్లు పెంచే పూత.

గర్భసంచి ఆపరేషన్ ప్రస్తావన ఇక్కడ తప్పదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం పైచిలుకు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గరగా ఉన్నారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముప్పై అయిదేళ్ల స్త్రీకి అరవై ఏళ్ల స్త్రీలోని పొడితనం వస్తుంది. తడి లేక పలచబడిన చర్మం మూత్రం తగిలినా మండుతుంది. ఇది వల్వోడీనియా కాదు, దీనికి తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీము వారాల్లో గుణం చూపిస్తుంది. అయితే చాలామందికి తమ ఆపరేషన్‌లో అండాశయాలు తీశారో ఉంచారో తెలియదు. డిశ్చార్జి కాగితం వెతికించి చదవవలసి వస్తుంది, అది కూడా చాలాసార్లు దొరకదు.

ఏరివేతలన్నీ అయ్యాక మిగిలిన నొప్పి ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. కొందరి ముంగిలి కణజాలంలో నొప్పిని మోసే నరాల కొసలు మామూలుకన్నా ఎక్కువగా పెరిగి ఉన్నట్టు సూక్ష్మదర్శిని కింద చూశారు. పదే పదే వచ్చిన ఫంగస్ ఇన్ఫెక్షన్ తగ్గిపోయినా నరాలు అలవాటుపడిన అప్రమత్తతను వదలకపోవడం ఒక వివరణ. నొప్పి వస్తుందన్న భయంతో కటి కండరాలు బిగుసుకుంటాయి, ఆ బిగువు నొప్పిని పెంచుతుంది, పెరిగిన నొప్పి భయాన్ని పెంచుతుంది. పేగులు, మూత్రాశయం, దవడ కీలు కూడా నొప్పి పెట్టే స్త్రీలు వీరిలో ఎక్కువగా కనబడడాన్ని బట్టి, వెన్నుపాము, మెదడు స్థాయిలోనే నొప్పి శబ్దం పెంచి పెట్టినట్టు అయిందని అనుకుంటున్నారు. మనసు ప్రభావం లేదనడం తప్పు, అంతా మనసే అనడం ఇంకా పెద్ద తప్పు. రెండో మాట విన్న రోగి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కదు.

చికిత్స వాడుతున్నవి మానడంతో మొదలవుతుంది. సబ్బు, సువాసన ద్రవాలు, క్రిమిసంహారకం కలిపిన నీళ్లు, వేపాకు కషాయం, పసుపు ముద్ద, అన్నీ ఆపి మామూలు నీళ్లతో కడుక్కుని, మెత్తగా అద్ది, కాస్త కొబ్బరినూనె రాసుకోవడం, నూలు లోదుస్తులు వేసుకోవడం. తరువాత ముంగిలి నొప్పికి, ఆ చోటును మొద్దుబార్చే 5 శాతం లిగ్నోకైన్ ఆయింట్‌మెంట్; రాత్రి దూది మీద వేసుకుని అక్కడ ఉంచుకోవచ్చు, కలయికకు 15, 20 నిమిషాల ముందు రాసి తుడిచేసుకోవచ్చు. మొదటి కొన్ని నిమిషాలు అది కూడా మండుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఆ ట్యూబు కూడా సగంలోనే కవరులోకి చేరుతుంది.

ఇప్పటివరకు ఉన్న ఆధారాల్లో బలమైనవి కటి కండరాల ఫిజియోథెరపీవి. కెనడాలో 212 మంది స్త్రీలతో జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో 10 వారాల ఫిజియోథెరపీ, రాత్రిపూట రాసే లిగ్నోకైన్ కన్నా స్పష్టంగా మెరుగని తేలింది. ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు మన రెండు జిల్లాల్లో దొరకడం కష్టమే. అయినా పొట్ట నిండా గాలి పీల్చి వదిలేటప్పుడు కింది కండరాలను జారవిడవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు గుండెలకు దగ్గరగా తీసుకోవడం వంటి మొదటి పాఠాలను శిక్షణ పొందిన నర్సు నేర్పవచ్చు. కాన్పు తరువాత నేర్పే బిగింపు వ్యాయామాలు ఇక్కడ పనికిరావు. అసలే బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించమన్నట్టవుతుంది.

మాత్రల సంగతిలో డాక్టర్ల అలవాటుకూ ఆధారాలకూ మధ్య దూరం ఉంది. అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. కొందరికి గుణం కనబడుతుంది. కానీ దానికి దగ్గరి చుట్టమైన డెసిప్రమిన్ మీద 2010లో, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ మీద 2018లో ప్రచురితమైన పరీక్షల్లో మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా అవి నొప్పిని ఎక్కువగా తగ్గించలేదు. అందువల్ల మాత్రతోనే పోతుందని హామీ ఇవ్వడం సరికాదు, ఒకసారి వాడి చూద్దాం అనడం సబబు. అమిట్రిప్టిలిన్ పేరు షాపులో చెబితే "ఇది డిప్రెషన్ మందమ్మా" అని కౌంటరు వెనక నుంచి వినబడడం, ఆమె ఇంటికి వెళ్లి ఆ స్ట్రిప్పును బియ్యం డబ్బా వెనక దాచేయడం ఊహించలేని విషయమేమీ కాదు. నరాల నొప్పికి తక్కువ మోతాదులో ఇస్తున్నామని రాసేటప్పుడే చెప్పాలి.

ఉద్దానం ప్రాంతపు స్త్రీలకు ఇక్కడ వేరే జాగ్రత్త అవసరం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో దశాబ్దాలుగా కారణం తేలని కిడ్నీ వ్యాధి ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది కూడా ఆ కారణంగానే. గాబాపెంటిన్, దాని చుట్టమైన ప్రెగాబాలిన్ రెండూ కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ పనితీరు తగ్గినవారికి మామూలు మోతాదు ఇస్తే మందు ఒంట్లో పేరుకుని మత్తు, తూలిపడడం, అయోమయం వస్తాయి. కిడ్నీ పనితీరు చెప్పే సీరమ్ క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఆ మాత్రలు రాయకూడదు. "నొప్పి" అనగానే చేతికి వచ్చే డైక్లోఫెనాక్ ఈ మంట మీద పెద్దగా పనిచేయదు సరికదా, దెబ్బతిన్న కిడ్నీని మరింత దెబ్బతీస్తుంది. పదే పదే వాడే ఫ్లూకోనజోల్‌కు కూడా కిడ్నీని బట్టి మోతాదు తగ్గించాలి.

ఏదీ పనిచేయక, నొప్పి ముంగిలికే పరిమితమై ఉంటే ఆ సన్నని పొరను తొలగించే శస్త్రచికిత్స ఉంది, ఎంచి చేసినవారిలో ఫలితాలు బాగున్నాయి. కానీ అది చివరి మెట్టు, బోధనాసుపత్రుల్లో అనుభవం ఉన్నవారు చేయవలసినది. భర్తను పిలిచి మాట్లాడడం మాత్రం మొదటి మెట్టులోనే జరగాలి: నొప్పి ఉన్నన్నాళ్లు బలవంతపు ప్రయత్నం కండరాల బిగువును పెంచుతుందని, కలయిక ఆపడం వైద్యంలో భాగమని డాక్టరు నోటి నుంచి అతను వింటే ఇంట్లో వాదన సగం తగ్గుతుంది.

విజయనగరంలో పాతకాలపు ఆడవాళ్ల ఆసుపత్రిని ఇప్పటికీ ఘోషాసుపత్రి అంటారు. పరదా పాటించే స్త్రీలు కూడా వచ్చి చూపించుకోవాలని పెట్టిన పేరది. ఆ ఘోషా ఇప్పుడు లేదు, ఓపీలో ఒకే బల్ల చుట్టూ ఆరుగురు రోగులు నిలబడి ఉంటారు. అందరూ వింటుండగా "కింద" అన్న మాటకు మించి ఎవరూ చెప్పుకోలేరు. శ్రీకాకుళంలో 2008 నుంచి, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి కనుక గైనకాలజీ, చర్మవ్యాధుల విభాగాలు ఒకే సంస్థ కింద ఉన్నాయి. వారంలో ఒక పూట ఈ రెండూ కలిసి చూసే గది ఒకటి ఏర్పాటు చేయడానికి కొత్త పరికరం కొనవలసిన అవసరం లేదు. అంతవరకు, పల్లె నుంచి పైకి పంపే రిఫరల్ చీటీలో "తెల్లబట్ట, మంట" అన్న రెండు మాటలకు బదులు, నొప్పి ఎన్ని నెలలుగా ఉంది, తాకితేనా తాకకుండానా, దూది పుల్లకు గడియారంలో ఏ అంకె దగ్గర ఎంత నొప్పి, ఏ ట్యూబులు ఎన్నాళ్లు వాడారు, క్రియాటినిన్ ఎంత అన్న అయిదు వివరాలు రాసి పంపితే, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్)లో ఆమెను చూసే డాక్టరు మళ్లీ స్కానింగు నుంచి మొదలుపెట్టనవసరం లేదు.